పడింది పడినట్టు: విశాఖపట్నం నుంచి ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: నమస్కారం. గణాంకశాస్త్ర అధ్యాపకురాలు మన స్టూడియోలో ఉన్నారు. గాజువాక నుంచి లెక్కల మాస్టారు లైనులో ఉన్నారు. చెప్పండి మాస్టారూ.

మొదటి శ్రోత: నమస్కారం మేడమ్. తొమ్మిదో తరగతి పిల్లలను ఇంటి దగ్గర రూపాయి బిళ్ళను వందసార్లు ఎగరేసి, పడింది పడినట్టు రాసుకురమ్మన్నాను. ఒక అమ్మాయి పుస్తకంలో వరుసగా ఏడు బొరుసులు కనిపించేసరికి, కల్పించి రాసిందనుకుని మళ్ళీ చేసుకురమ్మన్నాను. నేను చేసింది సబబేనా?

అధ్యాపకురాలు: మాస్టారూ, ముందుగా నమ్మవలసింది ఆ పుస్తకాన్నేనండీ. వందసార్లు ఎగరేసినప్పుడు బొమ్మ గానీ బొరుసు గానీ వరుసగా ఆరుసార్లో అంతకు మించో పడే అవకాశం దాదాపు 80 శాతం. ఏడుసార్లు పడే అవకాశం కూడా సగానికి పైనే. ఊహించి రాసే పిల్లలు మాత్రం మూడు బొరుసులు రాయగానే, ఇక బొమ్మ రాకపోతే బాగుండదనుకుని మార్చేస్తారు. ఇప్పటిదాకా రాసినది కళ్ళ ముందే ఉంటుంది కనుక చెయ్యి దాన్ని సరిదిద్దుతూ పోతుంది. అంకెలు చెప్పమన్నా ఇదే వరస: సున్నా నుంచి తొమ్మిది వరకు తోచినట్టు వంద అంకెలు చెప్పమంటే, నిజానికి సుమారు పది చోట్ల ఒకే అంకె వెంటవెంటనే రావలసి ఉండగా, మనం అలా చెప్పడానికి జంకుతాం; పైగా మూడు, నాలుగు, ఐదు అంటూ నోటికి అలవాటైన వరుసలోకి జారిపోతాం. తొందరపెట్టిన కొద్దీ ఈ జారుడు ఎక్కువవుతుందని బ్రిటిష్ మనస్తత్వవేత్త ఆలన్ బ్యాడ్లీ 1966లోనే చూపించారు.

మొదటి శ్రోత: అయితే పొడవాటి వరుసలు లేని పుస్తకాలన్నీ కల్పితమేనా?

అధ్యాపకురాలు: అలా తీర్పు చెప్పవద్దండీ. వరుస నాలుగు దాటని ఫలితం నిజంగా ఎగరేసినా నూటికి మూడుసార్లు రావచ్చు. ఏ బిడ్డ మీదా నింద వేయకండి. ఆ అమ్మాయితో మాత్రం రేపే, తరగతి అందరి ముందూ, నీ లెక్క సరైనదేనమ్మా అని చెప్పండి.

వ్యాఖ్యాత: మద్దిలపాలెం నుంచి డిగ్రీ విద్యార్థి.

రెండో శ్రోత: మేడమ్, సర్వే కోసం మూడు వందల ఇళ్ళలో ఇరవై ఎంచుకోవాలి. మనసుకు తోచిన నంబర్లు రాసుకున్నాను.

అధ్యాపకురాలు: ఆ కాగితం పక్కన పెట్టండి బాబూ. బ్రిటిష్ గణాంకవేత్త టిపెట్ 1927లో 41,600 అంకెలతో యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక అచ్చువేసినప్పుడు, ఆ అంకెలను జనాభా లెక్కల నివేదికల నుంచి తీసుకున్నారే తప్ప తన మనసులోంచి కాదు. మీరు మూడు వందల చీటీలు ఒకే కొలతలో కత్తిరించి, ఒకే తీరుగా మడిచి, కుండలో బాగా కలిపి, చూడకుండా ఇరవై తీయండి. పక్కపక్క ఇళ్ళు రెండు వచ్చాయని ఒక చీటీని తిరిగి కుండలో వేయకండి. వచ్చిన ఇంటికి తాళం ఉంటే పక్కింటి తలుపు తట్టకుండా, సాయంత్రం మళ్ళీ అక్కడికే వెళ్ళండి.