ఏమి చెప్పుదుం గురునాథా: మన పేటల గొంతులు

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న నెల్లూరు మూలాపేట వాసులకు నమస్కారం. జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు నవంబరు 14 నుంచి 20 దాకా జరుగుతాయి కనుక పుస్తక పఠనం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు, కరపత్రంలోనూ అదే అచ్చు వేశారు. ఆ విషయం చెప్పడానికి ఈ వారంలో ఇంకా చాలామంది వక్తలున్నారు. నేను మాత్రం పుస్తకాల్లోకి ఎక్కని మనుషుల గురించి, వాళ్ల గొంతులను మనం దాచుకోవలసిన అవసరం గురించి చెబుతాను. నిర్వాహకులు మన్నించాలి.

సంతపేటలో గానీ స్టోన్‌హౌస్‌పేటలో గానీ ఏదైనా ఇంటికి దారి అడిగి చూడండి. డోరు నంబరు ఎవరూ చెప్పరు. "సోడా తాత ఇంటి పక్క సందు" అంటారు, "పూలామె అరుగు దాటగానే" అంటారు. ఆ తాతకు సన్మానాలు జరగలేదు, ఆ పూలామె ఫోటో ఏ పత్రికలోనూ రాలేదు, అయినా పేటకు గుర్తులు వాళ్లే. బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో ఏటా మొహర్రం రోజుల్లో రొట్టెల పండుగ జరుగుతుంది. కోరిక తీరినవారు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవారు పుచ్చుకుంటారు. కెమెరాలు వచ్చి జనాన్ని చూపిస్తాయి. ఒడ్డున కూర్చుని ఆ రొట్టెలు కాల్చి అమ్మే ఆడమనిషిని, ఎవరెవరు ఏమేం కోరికలతో వచ్చి ఆమె ముందు కళ్లనీళ్లు పెట్టుకున్నారో అడిగినవారిని నేను చూడలేదు.

సోడా తాత సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఆయన గోళీ సోడా కొట్టేవాడు. బొటనవేలితో గోళీని లోపలికి నొక్కగానే కీచుమని ఒక కూత, వెంటనే సీసా మెడలో గోళీ గలగల. ఆ చప్పుడు విని మా ఇంట్లో పిల్లలు చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తేవారు. ఆయన మాట రికార్డు చేయాలని మొదటిసారి వెళ్లినప్పుడు, ఎండగా ఉందని ఆయన భార్య దయతో టేబుల్ ఫ్యాను పెట్టింది. సినిమా హాలు ముందు బండి పెట్టిన రోజుల గురించి ఆయన నలభై నిమిషాలు చెప్పాడు. "ఇంటర్వెల్ గంట కొట్టారంటే రెండు చేతులు చాలేవి కాదు అబ్బయ్యా, ఎట్టా కొట్టేవాణ్ణో నాకే తెలవదు" అన్నాడు. ఇంటికి వచ్చి వింటే ఫ్యాను హోరు, మధ్యమధ్య నా "ఊఁ", నా "అవునవును" తప్ప ఏమీ వినబడలేదు. తప్పు పూర్తిగా నాదే.

మళ్లీ వస్తానని కబురు పంపాను. ఈసారి ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, జుట్టుకు నూనె రాసుకుని సిద్ధంగా కూర్చున్నాడు. నేను మీట నొక్కగానే గొంతు సవరించుకుని, "నేను బాల్యము నుండియు సోడా వ్యాపారము నిర్వహించుచున్నాను" అని మొదలుపెట్టాడు. ఫ్యాను లేదు, మాట స్పష్టంగా ఉంది, మనిషి మాత్రం అందులో లేడు. రికార్డు చేయడమంటే రేడియోలో మాట్లాడినట్లు మాట్లాడాలని ఆయన అనుకున్నాడు. అలా అనుకునేలా చేసింది మనమే, బడిలోనూ సభల్లోనూ వాళ్ల మాటను దిద్దీ దిద్దీ.

ఇక్కడ తిక్కన గారి కథ ఒకటి చెప్పకుండా ముందుకు పోలేను. మీకందరికీ తెలిసిందే, అయినా నెల్లూరులో దీన్ని ఎన్నిసార్లు చెప్పినా చెల్లుతుంది. పదమూడో శతాబ్దంలో, నెల్లూరు రాజు మనుమసిద్ధి కాలంలో, తిక్కన సోమయాజి గారు భారతం ఆశువుగా చెబుతుంటే గురునాథుడనే లేఖకుడు రాసేవాడని చెప్పుకుంటారు. ఒకచోట, సంజయుడు ధృతరాష్ట్రుడికి యుద్ధ వార్త చెప్పే పద్యంలో, కవికి మాట తోచక "ఏమి చెప్పుదుం గురునాథా" అని లేఖకుడితోనే అనేశాడట. గురునాథుడు దాన్ని కూడా రాసేశాడు. తీరా చూస్తే "చెప్పుదున్" తరువాత "కురునాథా" అన్న మాట సంధిలో "గురునాథా" అవుతుంది కనుక పద్యం సరిగ్గా కుదిరింది! సంధి చమత్కారం కోసం అందరూ ఈ కథ చెబుతారు. నాకు మాత్రం అందులో గురునాథుడే కనిపిస్తాడు. కవి తడబడితే ఆయన గంటం ఆపలేదు, ఇది పద్యమా, మామూలు మాటా అని తేల్చలేదు, విన్నది విన్నట్లు రాశాడు. ఆయన ఆ తడబాటును దిద్ది ఉంటే మనకు ఆ పద్యం అలా దక్కేదా?

ఇది చెబుతున్నానంటే నాకొక మనోవ్యథ ఉంది. ఒక ప్రత్యేక సంచిక వారు తాత కథ కావాలంటే, మూడోసారికి వినదగ్గ రికార్డింగు చేతికి వచ్చాక, ఆయన మాటలను ఉన్నదున్నట్లు రాసి ఇచ్చాను. అచ్చులో "ఎట్టా" స్థానంలో "ఏ విధముగా", "తెలవదు" స్థానంలో "ఎరుగను" కనిపించాయి. "అబ్బయ్యా" అసలు లేనే లేదు. సంచిక తాతకు చూపిస్తే, చదివించుకుని విని, "బాగుండాది, ఇది ఎవురి గురించి?" అన్నాడు. నేను తల దించుకున్నాను.

మన పొరుగున ఒంగోలులో పుట్టిన భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు వ్యవసాయ వృత్తి పదకోశాన్ని 1962లోనే వెలువరించారు. ఆ కోశంలోని మాటలు రైతుల నోటి నుంచి వచ్చినవి. ఆ పని మహత్తరమైనది. అయినా కాగితం మీద మాట దక్కుతుంది గానీ, ఆ మాట అనే ముందు మనిషి తీసుకున్న ఊపిరి దక్కదు. ఈనాడు ఆ ఊపిరిని దాచే పరికరం మనందరి జేబుల్లోనూ ఉంది.

పద్ధతి కూడా పెద్ద బ్రహ్మవిద్య ఏమీ కాదు. ఫ్యాను ఆపండి, ఫోనును ఏరోప్లేను మోడులో పెట్టండి, నోటికి జానెడు దూరంలో మెత్తటి గుడ్డ మీద ఉంచండి. తేదీ, పేట పేరు, "మీరు చెప్పింది దాచి నలుగురికీ వినిపించవచ్చా" అన్న ప్రశ్న, దానికి వాళ్ల జవాబు మొదట్లోనే రికార్డు కావాలి. పేటలో కొందరిని మనం నవ్వుకోవడానికే గుర్తుపెట్టుకున్నాం కనుక ఆ అనుమతి మర్యాద కోసం మాత్రమే కాదు. వేవ్ ఫైలుగా, అంటే ధ్వనిని కుదించకుండా దాచే ఫైలుగా, ఒకే ఛానెల్‌లో, మామూలు సీడీ నాణ్యతతో రికార్డు చేస్తే నిమిషానికి సుమారు 5 ఎంబీ, గంటకు 300 ఎంబీ పైచిలుకు అవుతుంది. అది భారం కాదు. వాట్సాప్‌లో వాయిస్ మెసేజిగా పంపితే మాత్రం ధ్వని కుదించుకుపోతుంది, డాక్యుమెంటుగా పంపండి. ఒకే ఫోనులో ఉంచుకోకండి. ఫోను నీళ్లలో పడడానికి పెన్న దాకా పోనక్కరలేదు, బక్కెట్టు చాలు.

అన్నిటికన్నా ముఖ్యం, అడిగే మనిషి. మూడోసారి నేను వెళ్లలేదు. ఎనిమిదో తరగతి చదివే ఆయన మనవరాలి చేతికి ఫోను ఇచ్చాను. ఆ పిల్ల నా ప్రశ్నల కాగితం పక్కన పెట్టి, "తాతా, నీ చేతి మీద ఈ మచ్చ ఏంది?" అని అడిగింది. గ్యాసు ఎక్కించేటప్పుడు సీసా పేలిన రోజు గురించి, కట్టు కట్టుకుని ఆ సాయంత్రమే బండి తీసిన సంగతి గురించి ఆయన చెప్పింది నాకెన్నడూ చెప్పనిది.

అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు, నేను గమనించాను. ఇంకో నాలుగు నిమిషాలు ఇప్పించండి, అవి నావి కావు. తాత అనుమతి ఇచ్చాడు, మనవరాలు రెండో వరుసలోనే ఉంది. అమ్మా, ఆ స్పీకరు ఇలా మైకు దగ్గర పెట్టు. అయ్యా, తలుపు దగ్గర నిలబడినవారు ఆ మూడు ఫ్యాన్లూ కాసేపు ఆపించండి. మధ్యలో వంటింట్లో కుక్కరు రెండు కూతలు వేస్తుంది, దాన్ని మేము తీసేయలేదు.