వోచర్ అడగాల్సిన చోటు

నమస్కారమండీ. రాత్రి పదిన్నరైంది, ఆఫీసులో ఒక్కణ్ణే ఉన్నాను. నా వెనకాల ఉన్న ఫైళ్ల గుట్ట వీడియో కోసం పేర్చింది కాదు, నిజంగానే అలా ఉంది. ట్రస్టుల ఆడిట్ రిపోర్టులకి సెప్టెంబరు 30 గడువు. ఈ నెలంతా మా ఇంటికి నేను చుట్టాన్నే.

మొన్న ఒక కుర్ర సీఏ ఫోన్ చేశాడు. 'సార్, మా ఊళ్లో ట్రస్టువాళ్లు నన్ను కోశాధికారిగా ఉండమంటున్నారు, ఒప్పుకోనా?' అని. ఒప్పుకో అన్నాను. ఒప్పుకుంటే ఎవరెవరు మాట్లాడటం మానేస్తారో కూడా చెప్పాను.

పదేళ్ల కిందట నేనూ ఒక చిన్న ట్రస్టులో చేరాను. పేరు వద్దు లెండి. వృద్ధాశ్రమం నడుపుతారు. బోర్డులో ఏడుగురం. నేను ట్రస్టీనయ్యాక ఆ ట్రస్టు ఆడిట్ నేను చేయకూడదు, వేరే ఆడిటర్ ఉండాలి. ఇది మిగతావాళ్లకి ఎక్కడానికే ఏడాది పట్టింది. 'ఇంట్లో వంటమనిషిని పెట్టుకుని హోటల్ భోజనం దేనికండీ' అన్నారొకాయన.

మొదటి మీటింగు నాకు బాగా గుర్తు. టిఫిన్లు వచ్చాయి, లెక్కల కాగితం చేతులు మారింది, అందరూ చివరి పేజీలో మొత్తం చూసి 'బావుంది' అన్నారు. పెసరట్టు చల్లారేలోపు ఆరు లక్షల ఖర్చుకి సంతకాలైపోయాయి.

మూడో ఏడు అద్దె దగ్గర ఆగిపోయాను. ఆశ్రమం ఉన్న బిల్డింగు మా అధ్యక్షులవారి తమ్ముడిది. 18 వేలున్న అద్దె ఒక్కసారిగా 30 వేలైంది. బంధువుల బిల్డింగు తీసుకోవడం తప్పేం కాదు. నడుస్తున్న రేటుకి మించి ఇస్తే మాత్రం ట్రస్టు సొమ్ము సొంతవాళ్లకి పంచినట్టే, పన్ను మినహాయింపుకే ఎసరు. ఆదాయపు పన్ను చట్టంలో ఇది సెక్షన్ 13 అని చదువుకున్నాం. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చి నంబర్లన్నీ మారాయి, నా నోటికి మాత్రం ఇంకా పాతవే వస్తున్నాయి.

క్లయింటు దగ్గరైతే ఈ మాట అరక్షణంలో అడిగేస్తాను. వోచరు, అంటే ఖర్చుకి రుజువు కాగితం, అడగడానికే కదా ఫీజు తీసుకునేది. ఇక్కడ ఎదురుగా కూర్చున్న అధ్యక్షులవారు మా నాన్న స్నేహితుడు. నా పెళ్లిలో దగ్గరుండి వడ్డన చూసిన మనిషి. గొంతు ఎండిపోయింది. 'మావయ్యగారూ, ఆ వీధిలో అద్దెలు ఎంతెంత ఉన్నాయో ఒక కాగితం మీద రాసి ఫైల్లో పెడదామండీ' అన్నాను. కాసేపు ఫ్యాను చప్పుడే. 'నన్ను లెక్క అడుగుతున్నావురా?' అన్నారు.

ఇద్దరు ట్రస్టీలు వెళ్లి నాలుగు ఇళ్లలో కనుక్కుని వచ్చారు. అద్దె 21 వేల దగ్గర తేలింది. ఆయన సంతకం పెట్టారు, ఆరు నెలలు నాతో మాట్లాడలేదు. మా అమ్మ కూడా కొన్నాళ్లు ముభావంగానే ఉంది.

విరాళాల సంగతి ఇంకో తంతు. రెండు వేలు దాటి నగదుగా ఇస్తే దాతకి విరాళం మీద వచ్చే పన్ను మినహాయింపు, అదే పాత నంబరులో 80జి, రాదు, 2017 ఏప్రిల్ నుంచి ఇదే రూలు. ఒక పెద్దాయన 20 వేలు బల్ల మీద పెట్టి, ఇంటిల్లిపాది పేర్లతో పది రసీదులు రాయమన్నారు. అందులో మనవరాలికి ఆరు నెలలు! చెక్కు ఇమ్మంటే విసుక్కుంటూనే ఇచ్చారు.

ఇంట్లోనూ ఇదే బుద్ధి చూపించి తిట్లు తిన్నాను. మా ఆవిడ పాల లెక్క క్యాలెండరు మీద రాస్తుంది, పాలు రాని రోజుకి సున్నా చుడుతుంది. ఒక నెల తను ఇచ్చిన డబ్బుకీ సున్నాలకీ 64 రూపాయలు తేడా. గుచ్చి గుచ్చి అడిగాను. పాలబ్బాయి జ్వరమొచ్చి రెండు రోజులు రాలేదట, ఆ రెండు రోజులకీ ఇచ్చేసింది. 'ఏ పద్దు కింద రాయాలి?' అన్నాను, నవ్వుతుందనుకుని. నవ్వలేదు. 'ఫైళ్లు ఆఫీసులో పెట్టి రండి' అంది. ఆమెదే కరెక్టు. ఊరివాళ్లిచ్చిన సొమ్ముకి మావయ్యనైనా అడగాలి గానీ, పాల డబ్బులకి పెళ్లాన్ని అడగడమేంటి?

పోయినేడు అధ్యక్షులవారు బోర్డు నుంచి తప్పుకుంటూ ఫైళ్లు నాకు అప్పజెప్పారు. అద్దె తీర్మానం వెనకాల కాగితాలు కొన్ని పిన్ను కొట్టి ఉన్నాయి. ఆ నాలుగు ఇళ్ల అద్దెలు. ఏటా ఏప్రిల్లో తనే వెళ్లి కనుక్కుని, తన చేత్తోనే రాసి పెట్టారు. నాకెప్పుడూ చెప్పలేదు.

ఇంటి నుంచి ఫోనొస్తోంది. ఉంటానండీ.