ఏషియాటిక్ సొసైటీ గుమ్మం, కావలి లక్ష్మయ్య అర్జీ

అందరికీ నమస్కారం.

ఏలూరులో కూర్చుని కలకత్తా సొసైటీ గొడవ మనకెందుకు అని మీలో కొందరికి అనిపిస్తూ ఉంటుంది. కాస్త ఓపిక పట్టండి. ఏలూరు వాళ్లే వస్తారు కథలోకి.

1783 ఆగస్టు. విలియం జోన్స్ అనే లండన్ లాయరు కలకత్తా సుప్రీం కోర్టులో జడ్జీ ఉద్యోగానికి ఓడలో వస్తున్నాడు. ఒక సాయంత్రం చూసుకుంటే ఎదురుగా ఇండియా, ఎడమ పక్కన పర్షియా, వెనక నుంచి అరేబియా గాలి. చుట్టూ ఇంత పెద్ద ఆసియా ఉంటే మనవాళ్లకు దీని గురించి తెలిసింది ఎంత తక్కువో అనిపించిందట. ఈ మాట తన మొదటి ప్రసంగంలో ఆయనే చెప్పుకున్నాడు. తర్వాత ఆర్నెల్లకే, 1784 జనవరి 15న, కోర్టులో జూరీ కూర్చునే గదిలో ముప్ఫై మంది సమావేశమయ్యారు. ముప్ఫై మందే! మా కాలనీ సంఘం మీటింగుకి కూడా అంతకన్నా ఎక్కువమంది వస్తారు, టీ, సమోసా ఉంటే. ఏషియాటిక్ సొసైటీ అలా మొదలైంది. పార్క్ స్ట్రీట్‌లో సొంత భవనం 1808లో గానీ రాలేదు.

అధ్యక్షుడిగా ఉండమని గవర్నర్ జనరల్ వారన్ హేస్టింగ్స్‌ను అడిగితే, నాకు తీరిక లేదు, జోన్సే ఉండాలన్నాడు. నియమావళి సంగతికొస్తే జోన్స్ ఇచ్చిన సలహా నాకు భలే నచ్చుతుంది: ప్రస్తుతానికి మనకు ఒకే నియమం చాలు, ఏ నియమమూ లేకపోవడం. సంఘం పెట్టగానే బైలాస్ మీద మూడు నెలలు కొట్టుకునే మనకు ఇది పనికొచ్చే మాటే.

వీళ్లెవరూ పూర్తికాలపు పండితులు కారు. జడ్జీలు, సైనికాధికారులు, ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులు. పగలు ఆఫీసు, సాయంత్రం ఆసియా. జోన్స్ సంస్కృతం నేర్చుకున్నది కూడా కేవలం భక్తితో కాదు. హిందువుల కేసుల్లో ధర్మశాస్త్రం ఏం చెబుతుందో కోర్టు పండితులు చెప్పాలి, వాళ్ల మాట మీద ఆయనకు నమ్మకం లేదు. నదియా ప్రాంతంలో రామలోచన్ అనే వైద్య కులస్థుడి దగ్గర పాఠం మొదలుపెట్టాడు. అవసరం కొద్దీ పట్టిన పుస్తకం ఆయన్ని ఎక్కడికో తీసుకుపోయింది. 1786 ఫిబ్రవరిలో సొసైటీ ముందు నిలబడి, సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలి, ఆ మూలం ఇప్పుడు లేకపోవచ్చు అన్నాడు. ఆ ఒక్క మాట ఇప్పటికీ భాషాశాస్త్రం పాఠాల్లో ఉంది.

కానీ కలకత్తాలో కూర్చుంటే అన్నీ సంస్కృతం నుంచే కనిపిస్తాయి. తెలుగూ దాని బిడ్డే అని అక్కడి పండితులు తేల్చేశారు. కాదని 1816లో చూపించింది మద్రాసులో ఉన్న కంపెనీ అధికారి ఫ్రాన్సిస్ ఎల్లిస్. ఆయనకు ఆధారాల్లో ఒకటి మచిలీపట్నం మామిడి వెంకయ్యగారి ఆంధ్రదీపిక. తత్సమం (సంస్కృతం నుంచి ఉన్నదున్నట్టు వచ్చింది), తద్భవం (మారి వచ్చింది), దేశ్యం (అచ్చంగా మనది), గ్రామ్యం (వాడుకలోది) అని మన మాటల్ని వేరు చేసి చూపిన వివరణ అందులో ఉంది.

సరే, ఏలూరు. కల్నల్ కాలిన్ మెకంజీ దక్షిణ దేశమంతా సర్వే చేస్తూ శాసనాలు, తాళపత్రాలు, ఊరూరి కైఫీయతులు, అంటే గ్రామ చరిత్రలు, పోగుచేశాడని మీకు తెలుసు. ఆ పని ఆయన ఒక్కడే చేయలేదు. మన ఏలూరు వాళ్లు కావలి వెంకట బొర్రయ్య, ఆయన తమ్ముడు లక్ష్మయ్య లేకపోతే మెకంజీకి అక్షరం ముక్క దొరికేది కాదు. బొర్రయ్య పరిచయమే భారతీయ విజ్ఞానపు వాకిట్లో నా మొదటి అడుగు అని 1817లో మెకంజీయే ఒక ఉత్తరంలో రాశాడు. హళగన్నడ, అంటే పాత కన్నడ, లిపి చదవడానికి దారి చూపిన బొర్రయ్య 1803లోనే పోయాడు, ముప్ఫై ఏళ్లు కూడా నిండకుండా. ఆ తర్వాత పని లక్ష్మయ్య నెత్తిన పడింది.

1816లో థామస్ హిక్కీ వేసిన బొమ్మ ఒకటుంది. మధ్యలో ఎర్రకోటులో మెకంజీ. పక్కన ఒకరి చేతిలో దుర్భిణి, ఇంకొకరి చేతిలో తాటాకు. ఆ బొమ్మ చూసినప్పుడల్లా నా కళ్లు దొరగారి మీద కాదు, తాటాకు మీదే ఆగుతాయి.

మెకంజీ 1821లో చనిపోయాడు. ఆయన భార్య దగ్గర కంపెనీ ఆ సేకరణ కొనేసింది. సొసైటీ కార్యదర్శి హెచ్.హెచ్. విల్సన్ దానికి 1828లో జాబితా అచ్చు వేశాడు: 1,568 గ్రంథాలు, 8,076 శాసనాల నకళ్లు, ఇంకా బోలెడు. లక్ష్మయ్య మాత్రం ఊరుకోలేదు. మిగిలిన పని నేను చేస్తానని ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నాడు. అది చుట్టూ తిరిగి సలహా కోసం ఏషియాటిక్ సొసైటీకే చేరింది. అప్పటికి సొసైటీ భారతీయులను సభ్యులుగా తీసుకోవడం మొదలుపెట్టి ఏడేళ్లు. "నేటివ్"లను చేర్చుకోవాలా వద్దా అన్నది మీరే ముందు ముందు తేల్చుకోండని 1784లో జోన్స్ వదిలేసిన ప్రశ్న 1829 దాకా అలాగే ఉండిపోయింది లెండి.

1836లో కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్. లక్ష్మయ్య పంపిన సారాంశం చూస్తే ఈయనకే కాదు, అసలు ఏ నేటివ్‌కైనా ఇంత పనికి తగిన అర్హత ఉందనలేమన్నది అక్కడ తేలిన అభిప్రాయం. సొసైటీ పత్రికలోనే అచ్చయింది. ఇరవై ఏళ్లకు పైగా ఆ తాటాకులు మోసిన మనిషి గురించి ఆ మాట! అదే ప్రిన్సెప్ మరుసటి ఏడాది, అంటే 1837లో, అశోకుడి బ్రాహ్మీ లిపి చదివి మన చరిత్రకు రెండు వేల ఏళ్ల తలుపు తెరిచాడు. ఆయన్ని తిట్టుకోలేను, మెచ్చుకుని ఊరుకోనూ లేను.

పని చివరకు మద్రాసులో విలియం టేలర్ అనే మిషనరీకి దక్కింది. కైఫీయతులు ఇప్పుడు చెన్నై ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి, కొన్ని జిల్లాలవి పుస్తకాలుగానూ వచ్చాయి. మీ ఊరిది ఉందేమో వెతకండి. ఊరి చెరువు ఎవరు తవ్వించారు, గుడికి ఏ మాన్యం ఉండేది, ఇలాంటివన్నీ కరణాల దగ్గర కూర్చుని రాయించుకున్నది లక్ష్మయ్యగారి మనుషులు. దొరికితే వచ్చే నెల సమావేశానికి నకలు పట్టుకు రండి, కలిసి చదువుకుందాం.