980 రాలేదని కొట్టేయకండి
(జాతీయ సైన్స్ దినోత్సవం రోజున డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, కిందున్న పిల్లలకు నమస్కారం. పేరుపేరునా చెప్పుకుంటూ పోతే టీ టైమ్ అయిపోతుంది, మన్నించండి.

నక్షత్రాల చుట్టూ ఉండే దుమ్ము గురించి మాట్లాడమన్నారు. దానికి ముందు నా ఇంటర్ ల్యాబ్ సంగతి ఒకటి. సింపుల్ పెండ్యులమ్. జి, అంటే భూమి ఆకర్షణ వల్ల వచ్చే త్వరణం, విలువ 980 రావాలి. నాకు ఎన్నిసార్లు చేసినా 1000 దగ్గరే వస్తోంది. సారు ఎర్ర ఇంకుతో కొట్టేసి, "980 వేసి పట్రా" అన్నారు. వేశాను. పదికి పది. తర్వాత ల్యాబ్ అటెండరు చెక్క స్కేలు తిప్పి చూపించాడు. సున్నా వైపు చివర దాదాపు సెంటీమీటరు అరిగిపోయి ఉంది! దాంతో కొలిస్తే పొడవు ఎక్కువొస్తుంది, జి కూడా పెరుగుతుంది. అంటే నా రీడింగు నిజమే చెబుతోంది. మేమే వినలేదు.

సరే, దుమ్ములోకొద్దాం. 1983 జనవరిలో ఐరాస్ అనే ఉపగ్రహం పైకెళ్లింది, కంటికి కనబడని పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) కాంతిలో ఆకాశాన్ని చూడ్డానికి. దాని కొలతలు సరిచూసుకోవడానికి వేగాను, అంటే మన అభిజిత్ నక్షత్రాన్ని, కొలబద్దగా పెట్టుకున్నారు. తీరా చూస్తే 60 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువ వెలుగు. కొలబద్దే తేడాగా ఉంది! ఆమన్, గిలెట్ అనే శాస్త్రవేత్తల బృందం ఎర్ర ఇంకు తీయలేదు. ఆ అదనపు వెలుగు చుట్టూ తిరిగే చల్లటి దుమ్ముదని 1984లో ప్రకటించింది. సుమారు మైనస్ 190 డిగ్రీల దుమ్ము.

అక్కడ దుమ్ము ఎప్పటికీ నిలవదు. సన్నటి రేణువుల్ని నక్షత్ర కాంతే బయటికి తోసేస్తుంది, మిగతావి నెమ్మదిగా లోపలికి జారిపోతాయి. అయినా ఉందంటే, కంటికి ఆనని రాళ్లూ తోకచుక్కలూ ఢీకొని కొత్తగా రాలుస్తున్నాయన్నమాట. పిండి రాలుతోందంటే తిరగలి తిరుగుతున్నట్టే కదా.

వేగా సూర్యుడికి రెట్టింపు బరువున్న నక్షత్రం. సూర్యుడిలాంటివాటి దగ్గర వెతకడం ఇంకా కష్టం. 12 కాంతి సంవత్సరాల దూరంలోని టౌ సెటీ అనే అలాంటి నక్షత్రం దగ్గర మన సూర్యుడి చుట్టూ ఉన్నదానికంటే పదిరెట్లకు పైగా దుమ్ముంది. 2009లో వెళ్లిన హెర్షెల్ టెలిస్కోపు, 2013లో దాన్ని చల్లబరిచే హీలియం అయిపోయేలోగా, సూర్యుడిలాంటి నక్షత్రాల్లో సుమారు ఐదింట ఒకదానికి చల్లటి దుమ్ము పట్టుకుంది. మిగతా నాలుగింటికీ లేదని కాదు. మన సూర్యుడి చుట్టూ ఉన్నంత పలచటి దుమ్ము అంత దూరం నుంచి దానికీ ఆనదు.

లెక్చరర్లకు దండం పెట్టి అడుగుతున్నాను, రికార్డులో వచ్చిన అంకె వచ్చినట్టే ఉండనివ్వండి. పక్కన "ఎందుకు?" అని రాయించండి. మార్కులు దానికివ్వండి. ఫోన్ చూస్తున్న బాబూ, నీకూ కలిపే చెబుతున్నా!

మన సూర్యుడి చుట్టూ ఉన్న దుమ్ము మాత్రం కంటికే కనబడుతుంది. చంద్రుడు లేని రాత్రి, పొద్దుగుంకిన గంటన్నరకు, పడమటి దిక్కున నేలలోంచి త్రికోణంలా లేచే పల్చటి వెలుగు. చిన్నప్పుడు మా చెరువు గట్టు మీంచి చూసేవాణ్ని. ఇప్పుడక్కడ హైమాస్ట్ లైటు పెట్టారు. కరెంటు పోయిన రోజు ఫోన్ చేస్తానన్నాడు మా తమ్ముడి కొడుకు.