చిన్న పిస్టల్, మొండి స్ప్రింగ్

[తెర మీద: బాల్‌పెన్ విప్పి, లోపలి స్ప్రింగ్ బయటికి తీస్తున్న చేతులు]

ఈ వీడియో పిస్టల్ గురించే. కానీ ముందు ఒక పెన్ను విప్పుదాం.

లోపల సన్నటి స్ప్రింగ్ ఉంది కదా, దాన్ని రెండు వేళ్ల మధ్య పెట్టి నొక్కండి. తేలిగ్గా అణుగుతుంది. ఇప్పుడు దాన్ని సగానికి కత్తిరించి, ఒక ముక్కని నొక్కి చూడండి. రెట్టింపు గట్టిగా ఎదురు తిరుగుతుంది. పైగా కాస్త నొక్కగానే చుట్టలన్నీ ఒకదానికొకటి ఆనుకుపోయి, ఇక కదలనని మొండికేస్తుంది.

జేబులో పట్టే సెమీ ఆటోమేటిక్ పిస్టల్ చేయాలనుకున్న ఇంజనీర్లంతా 120 ఏళ్లకు పైగా కుస్తీ పడుతున్నది ఈ ముక్కతోనే. బారెల్‌ని కురచ చేయడానికి ఒక రంపం చాలు. స్ప్రింగ్‌ని కురచ చేస్తే మాత్రం అది ఊరుకోదు.

[తెర మీద: పిస్టల్ అడ్డుకోత బొమ్మ. స్లైడ్, బారెల్, మ్యాగజైన్ ఒక్కొక్కటిగా రంగు మారతాయి]

మాటలు ముందే తేల్చుకుందాం. తూటా అంటే మొత్తం కాట్రిడ్జ్. అందులో ముందుకి దూసుకుపోయేది గుండు. వెనక మిగిలే ఇత్తడి గొట్టాన్ని గుల్ల అందాం.

తూటా పేలగానే లోపలి గ్యాస్ గుండుని ముందుకి తోస్తుంది. అదే గ్యాస్ గుల్లని వెనక్కీ తోస్తుంది. గుల్ల వెనకాల స్లైడ్ అనే ఉక్కు దిమ్మ ఉంటుంది. అది వెనక్కి జరిగి ఖాళీ గుల్లని బయటికి విసిరేస్తుంది. అలా జరిగేటప్పుడు స్ప్రింగ్ అణుగుతుంది. ఆ స్ప్రింగ్ తిరిగి విచ్చుకుంటూ స్లైడ్‌ని ముందుకి నెడితే, అది తూటాలు పేర్చి ఉండే పెట్టె, అంటే మ్యాగజైన్, పైన ఉన్న కొత్త తూటాని లాక్కుపోయి బారెల్‌లో కూర్చోబెడుతుంది. మీరు చేసిందల్లా ఒకసారి ట్రిగ్గర్ నొక్కడం. మళ్లీ పేలాలంటే మళ్లీ నొక్కాలి. సెమీ అన్న మాట అందుకే.

ఇందులో చిక్కు ఎక్కడంటే, గుండు ఇంకా బారెల్ దాటకముందే స్లైడ్ బాగా వెనక్కి పోతే, పూర్తి ఒత్తిడిలో ఉన్న గుల్ల బయటపడి పగిలిపోతుంది. దాన్ని కాసేపు ఆపాలి. ఆపడానికి అన్నిటికంటే సులువైన దారి, స్లైడ్‌ని బరువుగా, స్ప్రింగ్‌ని గట్టిగా పెట్టడం. వేరే గొళ్లేలేవీ ఉండవు. దీన్నే బ్లోబ్యాక్ అంటారు.

[తెర మీద: ఎఫ్ఎన్ మోడల్ 1900 ఫొటో. బారెల్ పైన ఉన్న గొట్టం మీద బాణం గుర్తు]

ఈ పిస్టల్ డిజైన్ చేసిన జాన్ బ్రౌనింగ్ అమెరికావాడు. కానీ ఇది తయారైంది బెల్జియంలోని ఎఫ్ఎన్ కంపెనీలో. పేరు మోడల్ 1900. ఇవాళ మనం పిస్టల్ అనగానే ఊహించుకునే ఆకారం, అంటే పైన జారే స్లైడ్, పిడిలో మ్యాగజైన్, పెద్ద ఎత్తున అమ్ముడైన పిస్టళ్లలో దీనితోనే మొదలైంది. దీని తూటా 7.65 ఎంఎం. పెద్ద బలమైనదేం కాదు. కాబట్టి బ్లోబ్యాక్ సరిపోయింది.

స్ప్రింగ్ ఎక్కడ పెట్టాడో చూడండి. బారెల్ పైన! ఇప్పుడు చూస్తే వింతగా ఉంటుంది. కానీ ఆ ఒక్క స్ప్రింగ్‌తోనే రెండు పనులు చేయించాడు. స్లైడ్‌ని ముందుకి నెట్టేదీ అదే, తూటాని పేల్చే స్ట్రైకర్‌కి బలం ఇచ్చేదీ అదే. స్ప్రింగ్ పైకి పోవడంతో బారెల్ చేతికి దగ్గరగా కిందికి దిగింది. దాంతో పేల్చినప్పుడు ముక్కు పైకి ఎగరడం కూడా తగ్గింది.

1903లో అమెరికాలో కోల్ట్ కంపెనీ అమ్మిన జేబు పిస్టల్ కూడా బ్రౌనింగ్ డిజైనే. అక్కడ స్ప్రింగ్ బారెల్ కిందికి దిగింది. దాన్ని హ్యామర్‌లెస్ అని పిలిచేవారు. ఆ పేరు మాత్రం అబద్ధం. తూటాని పేల్చడానికి వెనక నుంచి కొట్టే సుత్తిని హ్యామర్ అంటారు. అది ఉంది, స్లైడ్ లోపల దాక్కుని ఉంది, అంతే. జేబులోంచి తీసేటప్పుడు బట్టకి తగులుకోకూడదని అలా చేశారు.

అసలు మలుపు మోడల్ 1910. ఈసారి బ్రౌనింగ్ స్ప్రింగ్‌ని బారెల్ చుట్టూనే తొడిగేశాడు. పైన గొట్టం లేదు, కింద గొట్టం లేదు. బారెల్ ఉన్నంత మేరా స్ప్రింగ్ ఉంటుంది, విడిగా చోటు అడగదు. చూడ్డానికి సబ్బు ముక్కలా నున్నగా ఉంటుంది. నా మటుకు ఇప్పటిదాకా వచ్చిన జేబు పిస్టళ్లలో అందమైనది ఇదే. 1914 జూన్ 28న సారాయెవోలో ఆస్ట్రియా-హంగరీ సింహాసన వారసుడు ఆర్చ్‌డ్యూక్ ఫెర్డినాండ్ మీద పేలింది ఈ మోడలే. అందులో వాడింది 9 ఎంఎం షార్ట్ తూటా. 1948 జనవరి 30న గాంధీజీ ప్రాణం తీసిన బెరెట్టా 1934లోనూ అదే రకం తూటా. బలంలో అప్పటి సైనిక తూటాల ముందు నిలవదు. కానీ చిన్న పిస్టల్‌లో ఇమిడేది అదే.

[తెర మీద: వాల్తర్ పీపీ, పీపీకే పక్కపక్కనే]

1929లో జర్మనీలో వాల్తర్ కంపెనీ పీపీ అనే పోలీసు పిస్టల్ తెచ్చింది. కాస్త తర్వాత, మఫ్టీలో తిరిగే డిటెక్టివ్‌ల కోసం దాన్నే కుదించి పీపీకే చేసింది. తెర మీద సూటు వేసుకున్న గూఢచారి చేతిలో దీన్ని మీరు చూసే ఉంటారు.

స్ప్రింగ్ విషయంలో వాల్తర్ కొత్తగా చేసిందేమీ లేదు. 1910లాగే బారెల్ చుట్టూ తొడిగింది. బారెల్‌ని మాత్రం ఫ్రేమ్‌కి కదలకుండా బిగించింది. కదలని బారెల్ కాబట్టి గురి బాగా కుదిరేది.

కొత్తదనమంతా ట్రిగ్గర్‌లో ఉంది. అంతకుముందు జేబు పిస్టల్ మోసేవాడికి రెండే దారులు. తూటా బారెల్‌లో పెట్టుకుని, హ్యామర్ ఎత్తి, పేలకుండా అడ్డుపడే సేఫ్టీని నమ్ముకుని తిరగాలి. లేదా బారెల్ ఖాళీగా ఉంచుకుని, అవసరం పడ్డప్పుడు రెండు చేతులతో స్లైడ్ లాగాలి. పీపీకేలో హ్యామర్ దించి ఉన్నా ట్రిగ్గర్ నొక్కితే చాలు, అదే హ్యామర్‌ని ఎత్తి కొడుతుంది. ఆ మొదటి నొక్కు పొడుగ్గా, బరువుగా ఉంటుంది. తర్వాతి నుంచి స్లైడే హ్యామర్‌ని ఎత్తి పెడుతుంది కాబట్టి తేలిక. మళ్లీ సర్దుకోవాలంటే సేఫ్టీ మీట కిందికి నొక్కితే హ్యామర్ తూటాకి తగలకుండా దిగిపోతుంది. బారెల్‌లో తూటా ఉంటే వెనక ఒక చిన్న పిన్ను పొడుచుకొస్తుంది. చీకట్లో కూడా వేలితో తడిమి తెలుసుకోవచ్చు.

లోపాలు లేవా అంటే, ఉన్నాయి. బ్లోబ్యాక్ కాబట్టి స్ప్రింగ్ గట్టి. చేతిలో బలం తక్కువ ఉన్నవాళ్లకి స్లైడ్ లాగడం కష్టం. కాస్త పెద్ద చెయ్యి అయితే వెనక్కొచ్చే స్లైడ్ బొటనవేలి పక్క చర్మాన్ని కొరుకుతుంది. ఇది మాటవరసకి అన్నది కాదు, నిజంగానే రక్తం వస్తుంది.

పీపీకేకి అసలు దెబ్బ తగిలింది కాగితం మీద. 1968లో అమెరికా తెచ్చిన గన్ కంట్రోల్ యాక్ట్ కింద, బయటి దేశాల పిస్టళ్లకి సైజునీ బరువునీ బట్టి పాయింట్లు వేశారు. 75 రావాలి. పీపీకే ఒక్క పాయింటుతో తప్పింది. వాల్తర్ ఏం చేసిందంటే, పాత పీపీ ఫ్రేమ్ మీద పీపీకే స్లైడూ బారెలూ ఎక్కించి, కాస్త ఎత్తు, కాస్త బరువు పెంచి పీపీకే/ఎస్ అని పేరు పెట్టింది. పాసైపోయింది. పొడుగు పిడి పుణ్యమా అని మ్యాగజైన్‌లో ఇంకో తూటా కూడా పట్టింది.

[తెర మీద: మకరోవ్ విడిభాగాలు ఒక్కొక్కటిగా విడిపోతున్న యానిమేషన్]

బ్లోబ్యాక్‌ని చివరి గట్టు దాకా లాగింది మాత్రం సోవియట్ ఇంజనీర్ నికొలాయ్ మకరోవ్. ఆయన పిస్టల్ 1951లో సైన్యంలోకి వచ్చింది. పైకి వాల్తర్ పోలికలు కనిపిస్తాయి, లోపల ఆలోచన వేరు. పిడిలో వెడల్పాటి రేకు స్ప్రింగ్ ఒకటి ఉంటుంది. హ్యామర్‌ని కొట్టించేది అదే, ట్రిగ్గర్‌ని వెనక్కి తెచ్చేది అదే. దాని కింది కొసని వంచితే మ్యాగజైన్‌ని పట్టి ఉంచే కొక్కెం కూడా అదే అయింది. ఎన్ని భాగాలు తగ్గితే అన్ని చెడిపోవు.

దీని తూటా 9×18, అంటే 9 ఎంఎం గుండు, 18 ఎంఎం పొడవు గుల్ల. షార్ట్ కంటే బలమైనది. గొళ్లెం లేని చిన్న పిస్టల్ మోయగలిగే బలానికి ఇది దాదాపు చివరి హద్దు. బరువు సుమారు 730 గ్రాములు, మ్యాగజైన్‌లో 8 తూటాలు.

హద్దు దాటితే ఏమవుతుంది? అసలు 9 ఎంఎం, అంటే ఆస్ట్రియావాడు గేయోర్గ్ లూగర్ చేసిన 9×19 తూటాని ఇలాగే ఆపాలంటే స్లైడ్ ఇటుకంత కావాలి. అలాంటివీ వచ్చాయి. వాటిని జేబులో పెట్టుకుంటే ప్యాంటు జారిపోతుంది.

[తెర మీద: బారెల్ వెనక భాగం కిందికి వంగుతున్న స్లో మోషన్ యానిమేషన్]

దీనికి మందు కూడా బ్రౌనింగే కనిపెట్టాడు. బారెల్‌నీ స్లైడ్‌నీ గొళ్లెం పెట్టినట్టు కలిపేయాలి. పేలగానే రెండూ కలిసి కొద్ది మిల్లీమీటర్లు వెనక్కి వస్తాయి. ఈలోపు గుండు వెళ్లిపోతుంది, ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు బారెల్ వెనక భాగం కిందికి వంగి గొళ్లెం ఊడుతుంది, స్లైడ్ ఒక్కటే మిగతా దూరం పోతుంది. ఇక స్లైడ్ బరువుగా ఉండక్కర్లేదు.

బాగుంది కదా? చిన్న పిస్టల్‌కి వచ్చేసరికి మళ్లీ అదే పేచీ. బారెల్ వంగాలి కాబట్టి దాని చుట్టూ స్ప్రింగ్ తొడగడం కుదరదు. కిందికి పోవాలి. బారెల్ కురచదైతే కింద చోటు బొటనవేలంత. పైగా కురచ స్లైడ్ తేలిక కాబట్టి మరింత వేగంగా వెనక్కి దూసుకొస్తుంది. మన పెన్ను ముక్కలాంటి స్ప్రింగ్ దాన్ని ఆపాలి.

1970లలో అమెరికాలో డెటోనిక్స్ అనే చిన్న కంపెనీ .45 అనే పెద్ద తూటా పిస్టల్‌ని కుదిస్తూ, ఒకదాంట్లో ఒకటి దూరే స్ప్రింగులు పెట్టింది. ఒకటి కొంత భారం, ఇంకొకటి మిగతా భారం మోస్తాయి. అదే ఆలోచన ఆస్ట్రియా కంపెనీ గ్లాక్ చేసిన గ్లాక్ 26లో స్థిరపడింది. పూర్తి సైజు గ్లాక్ 17ని ఆస్ట్రియా సైన్యం తీసుకుంది 1982లో. 1988లో 15 తూటాల గ్లాక్ 19 వచ్చింది. 1995లో చిట్టి గ్లాక్ 26 వచ్చింది, లోపల జంట స్ప్రింగులతో. ప్లాస్టిక్ ఫ్రేమ్ కాబట్టి బరువు ఉక్కు పిస్టళ్ల కంటే తక్కువ. దీనికి ఇంకో కలిసొచ్చిన సంగతి, అంతకు ముందు ఏడాదే అమెరికా మామూలు జనానికి అమ్మే కొత్త మ్యాగజైన్లను 10 తూటాలకి పరిమితం చేసింది. పదే పట్టేటప్పుడు పెద్ద పిస్టల్ ఎందుకని జనం ఆలోచించారు.

గ్లాక్ 26 అసలు ఇబ్బంది లావు. తూటాలు రెండు వరసల్లో ఉంటే పిడి బొద్దుగా తయారవుతుంది. 2012లో స్మిత్ అండ్ వెస్సన్ షీల్డ్, 2015లో గ్లాక్ 43 ఒకే వరసకి దిగి సన్నబడ్డాయి. గ్లాక్ 43లో పట్టేవి 6.

[తెర మీద: మూడు మ్యాగజైన్లు పైనుంచి చూసినట్టు. ఒక వరస, రెండు వరసలు, వాటి మధ్యది]

2018 జనవరిలో సిగ్ సావర్ కంపెనీ పీ365 అనే పిస్టల్ చూపించినప్పుడు అందరూ అడిగింది ఒకటే ప్రశ్న. అంత సన్నటి పిడిలో 10 ఎలా పట్టాయి? రహస్యం మధ్యేమార్గం. కింద తూటాలు కాస్త అటూ ఇటూ జరిగి ఇరుక్కుంటాయి, పూర్తి రెండు వరసలు కావు. పైకి వచ్చేకొద్దీ మ్యాగజైన్ సన్నబడి ఒకే వరస అవుతుంది. లావు అంతా పిడి వెడల్పుగా ఉన్న చోటే సర్దుకుంది.

కష్టం లేకుండా కాదు. కురచ స్లైడ్ వెళ్లి రావడానికి పట్టే సమయం చాలా తక్కువ. ఆ లోపే మ్యాగజైన్ స్ప్రింగ్ తర్వాతి తూటాని పైకి అందించాలి. ఆలస్యమైతే స్లైడ్ ఖాళీగా దాటిపోతుంది. అందుకే ఈ మ్యాగజైన్ల స్ప్రింగులు కూడా మొండివే. చివరి రెండు తూటాలు ఎక్కించేసరికి బొటనవేలు ఎర్రబడుతుంది.

పీపీకే పొడవు సుమారు 155 మిల్లీమీటర్లు, అందులో 9 ఎంఎం షార్ట్ తూటాలు 6. పీ365 పొడవు సుమారు 147, అందులో అసలు 9 ఎంఎం తూటాలు 10. బరువు అర కిలోకి అటూ ఇటూ. పిట్ట కొంచెం, కూత ఘనం.

అంత చిన్నదాంతో గురి పెట్టడం మాత్రం కష్టమే. ముందు గుర్తుకీ వెనక గుర్తుకీ దూరం తక్కువ, చెయ్యి వెంట్రుకవాసి కదిలినా గుండు పక్కకి పోతుంది. పేల్చినప్పుడు చేతిని వెనక్కి తోసే తన్ను కూడా గట్టిగానే ఉంటుంది.

[తెర మీద: షీల్డ్ ఈజీ. రెండు వేళ్లతో స్లైడ్ లాగుతున్న చేయి]

అదే 2018లో స్మిత్ అండ్ వెస్సన్ దీనికి పూర్తిగా ఎదురు దారిలో ఒకటి తెచ్చింది. పేరే షీల్డ్ ఈజీ. తూటా మళ్లీ పాత 9 ఎంఎం షార్టే. కానీ బ్లోబ్యాక్ కాదు, వంగే బారెల్ పెట్టారు. బలం తక్కువ తూటాకి గొళ్లెం కూడా తోడైతే స్ప్రింగ్ ఎంత మెత్తగా ఉన్నా సరిపోతుంది. కీళ్ల నొప్పులున్న చేతులు కూడా స్లైడ్ లాగేస్తాయి. బదులుగా పిస్టల్ కాస్త పెరిగింది. లోపల హ్యామర్ దాక్కుని ఉంది, కోల్ట్ 1903లోలాగే. పిడి వెనక, గట్టిగా పట్టుకుంటే తప్ప పేలనివ్వని సేఫ్టీ ఉంది, 1910లో బ్రౌనింగ్ పెట్టినట్టే.