హాట్ చాక్లెట్: ముందు నీళ్లు, తర్వాతే పాలు

శ్రోతలకు నమస్కారం. హాట్ చాక్లెట్ ఇంట్లో చేసుకోవడానికి కోకో పొడి, పాలు, తీపికి ఏదో ఒకటి, చిటికెడు ఉప్పు ఉంటే చాలు. అయినా చాలామంది డబ్బాలో అమ్మే డ్రింకింగ్ చాక్లెట్ పొడే కొంటారు. ఈసారి ఆ డబ్బా వెనక్కి తిప్పి పదార్థాల వరుస చదవండి. ఏది ఎక్కువ బరువు ఉంటే దాని పేరు ముందు వేస్తారు. చాలా డబ్బాల మీద మొదటి పేరు చక్కెరదే. కోకో ఆ తర్వాతెక్కడో ఉంటుంది. అంటే మనం డబ్బు పెట్టి తెచ్చుకునేది, కోకో వాసన తగిలిన చక్కెర.

మరి ఇంట్లో చేస్తే ఎందుకు కుదరదు? వచ్చే ఫిర్యాదులు మూడే. ఉండలు కట్టిందంటారు, అడుగున మడ్డి దిగిందంటారు, రుచి నీరసంగా ఉందంటారు. మూడింటికీ మూలం ఒకటే: మరుగుతున్న పాలలో కోకో పొడి నేరుగా గుమ్మరించడం.

కోకో పొడి పంచదారలా కరిగిపోయే సరుకు కాదు. సన్నని రేణువులుగా పాలలో తేలుతూ ఉంటుంది, అంతే. పైగా మామూలు కోకో పొడిలో నూటికి 10 నుంచి 12 పాళ్లు కోకో కొవ్వు ఉంటుంది. కొన్ని మేలు రకాల్లో 20 దాటుతుంది. కొవ్వున్న పొడి తడిని అంత తేలిగ్గా పట్టదు. కుప్పగా పాలలో పడగానే పై పొర మాత్రం తడిసి, ఉబ్బి, బంకలా మూసుకుపోతుంది. లోపలి పొడి పొడిగానే మిగిలిపోతుంది. అదే ఉండ. చల్లటి పాలలో కలిపితే ఇంకా ఇబ్బంది. కోకో కొవ్వు సుమారు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి, చల్లటి పాలలో అది గట్టిగానే ఉండిపోతుంది.

అందుకే కోకోను ముందు కొద్దిపాటి వేడినీళ్లలో ఉడికించాలి. ఒక కప్పుకు లెక్క చెబుతాను, రాసుకోండి. కోకో పొడి ఒక టేబుల్ స్పూను నిండుగా, అంటే 8 గ్రాముల దాకా. చక్కెర రెండు టీస్పూన్లు. ఉప్పు చిటికెడు. నీళ్లు 60 మిల్లీలీటర్లు. పాలు 180 మిల్లీలీటర్లు.

అడుగు మందంగా ఉన్న చిన్న గిన్నెలో కోకో, చక్కెర, ఉప్పు వేసి పొడిగానే బాగా కలపండి. చక్కెర పలుకులు కోకో రేణువుల మధ్యలోకి చేరి వాటిని విడదీస్తాయి. ఉండలు సగం ఇక్కడే తగ్గిపోతాయి. ఇప్పుడు రెండు టేబుల్ స్పూన్ల వేడినీళ్లు పోసి, చెంచా వెనకభాగంతో గిన్నె గోడకు రుద్దుతూ మెత్తటి ముద్ద చేయండి. పొడి చారలు ఎక్కడా కనిపించకూడదు. ఆ తర్వాత మిగతా నీళ్లు పోసి సన్నటి మంట మీద పెట్టండి.

ఈ ఒక్క నిమిషం గిన్నె దగ్గరే ఉండండి. అంచుల్లో బుడగలు మొదలవుతాయి. మట్టిరంగులో ఉన్న ముద్ద ముదురు గోధుమ రంగుకు తిరిగి, పైన నిగారింపు వస్తుంది. పచ్చి పొడి వాసన పోయి చాక్లెట్ వాసన లేస్తుంది. కోకోలో కొంత పిండిపదార్థం కూడా ఉంది. అది ఈ వేడికి ఉబ్బి, రేణువులను అడుగుకు దిగిపోకుండా పట్టి ఉంచుతుంది. ఈ పని పాలలో చేస్తే పాల మాంసకృత్తులు కోకోతో కలిసి అడుగంటుతాయి. ఆ మాడు వాసన ఎన్ని యాలకులు వేసినా పోదు.

ముద్ద నిగనిగలాడుతుండగా పాలు మూడు విడతలుగా పోస్తూ కలపండి. మంట మధ్యస్థంగా ఉంచండి. ఆవిరి లేచి, గిన్నె చుట్టూ చిన్న బుడగలు రాగానే దించేయండి. థర్మామీటర్ ఉన్నవాళ్లకైతే 70, 75 డిగ్రీల మధ్య. పొంగనివ్వకండి. వేడి పెరిగేకొద్దీ పాలలోని మాంసకృత్తులు పైకి చేరి మీగడ తొక్కు కడతాయి, తాగేటప్పుడు పెదవికి తగిలేది అదే. ఒక జాగ్రత్త: మీవి పచ్చి పాలయితే ముందు విడిగా కాచి పెట్టుకోవాల్సిందే. పాశ్చరైజ్ చేసిన పాలకు ఆ అవసరం లేదు. దించాక కవ్వంతో అర నిమిషం గిలకొడితే నురగ వస్తుంది. నురగ ఉన్నంతసేపు తొక్కు కట్టదు.

ఏ కోకో కొనాలి? మార్కెట్లో రెండు రకాలున్నాయి. సహజ కోకో లేత ఎరుపు కలిసిన గోధుమ రంగులో, కాస్త పులుపుతో, ఘాటుగా ఉంటుంది. రెండోది క్షారంతో శుద్ధి చేసిన డచ్ కోకో. డచ్ అంటే నెదర్లాండ్స్‌కు చెందినది; ఆ పేరు అక్కడి వాన్ హూటెన్ కుటుంబం కాలం నుంచి వచ్చింది. కోకో గింజల నుంచి కొవ్వు పిండే యంత్రానికి 1828లో పేటెంట్ పొందింది ఆ కుటుంబమే. డచ్ కోకో ముదురు రంగులో, మృదువుగా ఉంటుంది. నీళ్లలో తేలిగ్గా కలుస్తుంది కూడా. కానీ క్షారంతో శుద్ధి చేయడంలో కోకోకు మంచిపేరు తెచ్చిన ఫ్లావనాల్స్ అనే సహజ పదార్థాలు చాలావరకు తగ్గిపోతాయి. సహజ పదార్థాలతో చేసుకుందామనుకునేవారికి మొదటిదే మేలు. దాని చేదును ఆ చిటికెడు ఉప్పే అదుపు చేస్తుంది, మరో రెండు చెంచాల చక్కెర అక్కర్లేదు.

తీపి విషయంలో కాస్త ఆగుదాం. చక్కెర బదులు బెల్లం, తేనె, ఖర్జూరం వాడొచ్చు. అవి సహజమైనవైనా వాటిలో తీపినిచ్చేవి చక్కెరలే. కొలత మాత్రం మరచిపోకండి. బెల్లంతో పాలు విరగడం తరచూ జరిగేదే. వేడిగా ఉన్న పాలకు బెల్లంలోని పులుపు తగిలితే ముక్కలుగా విడిపోతాయి. అందుకని బెల్లాన్ని రెండు చెంచాల నీళ్లలో కరిగించి, వడకట్టి, పాలు దించి కాస్త వేడి తగ్గాకనే కలపండి. ఆ తర్వాత మళ్లీ పొయ్యి మీద పెట్టకండి. తేనె కూడా చివరనే వేయాలి, లేకపోతే దాని వాసన ఆవిరితో పోతుంది. ఏడాది నిండని పసిపిల్లలకు తేనె అసలే పెట్టకూడదు. ఖర్జూరమైతే మెత్తటివి మూడు తీసి గింజలు తీసేసి, వేడినీళ్లలో పావుగంట నానబెట్టండి. ఆ నీళ్లతోనే మెత్తగా రుబ్బి కోకో ముద్దలో కలపండి. చిక్కదనం కూడా దానితోనే వస్తుంది. నలక తగులుతుందనిపిస్తే వడపోసుకోండి.

ఇంకా చిక్కగా కావాలంటే 70 శాతం డార్క్ చాక్లెట్ 10 గ్రాములు సన్నగా తరిగి, దించాక వేసి కలపండి. చాక్లెట్‌ను విడిగా కరిగించేటప్పుడు ఒక్క నీటి చుక్క పడినా బిరుసెక్కి పలుకులుగా మారుతుంది, ఎందుకంటే అందులోని చక్కెర రేణువులు ఆ తడిని పీల్చి ఒకదానికొకటి అతుక్కుంటాయి. పారబోయకండి. వేడి పాలు చెంచా చెంచాగా పోస్తూ కలిపితే మళ్లీ నునుపెక్కుతుంది. కార్న్‌ఫ్లోర్ వేసే అలవాటుంటే అర టీస్పూను చాలు. మొదట్లోనే కోకోతో పొడిగా కలిపేస్తే నీళ్లలోనే ఉడికిపోతుంది.

దాల్చినచెక్క ముక్క నీళ్ల దశలోనే వేసి, పాలు పోసేముందు తీసేయండి. వెనిల్లా చివర్లో. బాదం పాలు వాడితే మంట తగ్గించండి, ఎక్కువ వేడికి విడిపోతాయి. ఓట్ పాలు కాగేకొద్దీ చిక్కబడతాయి. చిక్కటి కొబ్బరిపాలయితే సగానికి సగం నీళ్లు కలపాలి.

రోజూ కొలిచే ఓపిక లేనివారు కోకో 100 గ్రాములు, చక్కెర పొడి 100 గ్రాములు, అర టీస్పూను ఉప్పు కలిపి గాలి చొరబడని సీసాలో పెట్టుకోండి. దాదాపు 12 కప్పులకు వస్తుంది, కప్పుకు రెండు టేబుల్ స్పూన్లు. తడి చెంచా పెడితే మాత్రం సీసాలోనే గడ్డకడుతుంది. నీళ్లలో ఉడికించిన ముద్ద ఫ్రిజ్‌లో మూడు రోజులు ఉంటుంది. పాలు కలిపాక మాత్రం ఆ రోజే తాగేయాలి.

కోకోలో కెఫీన్ కొద్దిగా, దానిలాంటి ఉత్తేజకమే అయిన థియోబ్రోమిన్ అంతకంటే ఎక్కువగా ఉంటాయి. కాఫీతో పోలిస్తే కెఫీన్ బాగా తక్కువే అయినా, నిద్రపట్టని పిల్లలకు రాత్రి బాగా పొద్దుపోయాక ఇవ్వకండి. కప్పులో మిగిలింది కుక్కకు పోయకండి. థియోబ్రోమిన్ వాటి ఒంట్లో చాలా నెమ్మదిగా అరుగుతుంది, కాబట్టి కోకో కుక్కలకు విషమే.