బోటు లారీ కాదు

సభకు నమస్కారం. స్వాగతాలు ఒడియాలో ఒకసారి అయ్యాయి, మళ్ళీ ఎందుకు! గోపాల్‌పూర్ ఒడ్డున ఫైబర్ బోట్లే ఎక్కువ. నా మాటలు ఇనప బోట్లున్న వాళ్ళకి.

నాకిచ్చిన అంశం ‘బోట్లలో కరెంటు భద్రత’. అసలు గొడవ ఒక్కటే. బరంపురం నుంచి లారీ ఎలక్ట్రీషియన్‌ని పిలిచి బోటుకి బాడీ ఎర్త్ కొట్టిస్తున్నారు, అంటే నెగటివ్ వైరు బదులు బోటు ఇనుమునే వాడుతున్నారు. లారీ రబ్బరు టైర్ల మీద ఉంటుంది, బోటు ఉప్పునీళ్ళలో ఉంటుంది. బాడీలో పారే కరెంటు కొంత నీళ్ళదారి పడుతుంది. ఇనుములోంచి నీళ్ళలోకి ఎక్కడ దిగుతుందో అక్కడ రేకు కరుగుతుంది. బోటు లోపల అడుగున చేరిన నీళ్ళలో పాజిటివ్ వైరు తోలు ఊడి నానిందా, ఇక అడగక్కర్లేదు.

లెక్క కట్టండి. ఒక ఆంపియర్ ఏడాది పొడవునా పారితే 9 కిలోల ఇనుము పోతుంది. 100 మిల్లీ ఆంపియర్లయితే రోజుకి రెండున్నర గ్రాములు. 4 మిల్లీమీటర్ల రేకులో ఒక చదరపు సెంటీమీటరు బరువు మూడు గ్రాములే! రంగు ఊడిన ఆ ఒక్క చోటే కరెంటంతా దిగితే రెండో రోజుకి చిల్లు. ఇనుము బదులు తాము కరగడానికి బోటుకి బిగించే జింకు దిమ్మలు రెట్టింపు చేస్తే ఇది ఆగదు.

సెల్ఫ్ మోటారుకి రెండు లావు వైర్లున్నవాళ్ళు చెయ్యెత్తండి. ముగ్గురేనా? మిగతావాళ్ళది లారీ ఇంజనన్నమాట. నెగటివ్ బాడీకే వస్తుంది. మార్చలేకపోతే నెగటివ్‌ని ఇంజన్ దగ్గర ఒక్కచోటే బాడీకి కలపండి, మిగతా ప్రతి దీపానికీ పంపుకీ రెండేసి వైర్లు. కళాయి పూసిన రాగి వైరే వాడండి.

బాడీకి ఎక్కడా కలపని బోటుకి పరీక్ష సులువు. చార్జర్ తీసేసి, మెయిన్ స్విచ్ వేసి, 12 వోల్టుల బల్బు ఒక కొస బ్యాటరీ పాజిటివ్‌కి, రెండో కొస రంగు గీకిన రేకుకి పెట్టండి. వెలిగితే నెగటివ్ బాడీని తాకుతోంది. బ్యాటరీ వైపు కొసని నెగటివ్‌కి మార్చినప్పుడు వెలిగితే పాజిటివ్ కారుతోంది. స్విచ్‌లు ఒక్కొక్కటిగా వేసి చూడాలి. పాజిటివ్ తప్పు ఫ్యూజులు పీకితే దొరుకుతుంది. నెగటివ్ తప్పు అలా దొరకదు. నెగటివ్ వైర్లే ఒక్కొక్కటిగా విప్పాలి. ఇక్కడే మేస్త్రీలు విసుగెత్తి వదిలేస్తారు. బాబూ, వదలకండి!

ఒడ్డు నుంచి బోటుకి తీసుకునే కరెంటు సంగతి. దాని పచ్చ వైరు, అంటే ఎర్త్ వైరు, మీ బోటుని పక్క బోటుతో కలిపి మీ జింకు తినేస్తుంది. అలాగని కోసేస్తే మనిషే పోతాడు. ఎర్త్‌ని ఉంచుతూనే జింకు తినే ఆ చిన్న కరెంటుని ఆపే గాల్వానిక్ ఐసొలేటర్ పెట్టించండి.

వెల్డింగ్ మరిచాను. నీళ్ళలో ఉన్న బోటుకి వెల్డింగ్ మిషన్ ఎర్త్ క్లాంపు అదే బోటు మీద, పని పక్కనే పట్టాలి. పక్క బోటుకి పట్టించారో, కరెంటు మధ్య నీళ్ళలోంచే వస్తుంది.